మురా నో హాషి

2020 ఏప్రిల్‌లో జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీ మూతపడి క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేశాక, ఛాయాదేవికి మిగిలిన బయటి పని చెత్త పారేయడమే. నల్లగొండ అమ్మాయి, ఎలక్ట్రానిక్స్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఒక మధ్యాహ్నం చెత్త సంచీతో పెరట్లోకి దిగితే కింది వాటా కిటికీ తెరిచి ఉంది. లోపల టీవీ మీద జపాన్ అక్షరాలు. నిలబడి పైకే చదివేసింది.

లోపలున్న ముసలాయన ఉలిక్కిపడి తిరిగాడు. "మీకు ఇది చదవడం వచ్చా?" అన్నాడు.

వచ్చు. హైదరాబాద్‌లో చదివేటప్పుడు జపాన్ స్కాలర్‌షిప్ మీద ఆశతో రెండేళ్లు సాయంత్రం క్లాసులకు వెళ్లింది. స్కాలర్‌షిప్ రాలేదు, జర్మనీ సీటు వచ్చింది. ఇప్పటికీ ఆమెకు జర్మన్ కంటే జపనీసే నయం.

ఆయన పేరు ఓబర్‌మయర్. ఓడల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. 1991లో పని మీద జపాన్‌లోని కోబె వెళ్లినప్పుడు పదకొండేళ్ల కూతురు పెట్రా కోసం ఒక వీడియో గేమ్ కొన్నాడు. అట్ట మీద బొమ్మ బాగుందని కొన్నాడే గాని, అది జపాన్‌లో తప్ప ఎక్కడా విడుదల కాని ఆటనీ, అడుగడుగునా చదవాల్సి ఉంటుందనీ ఇంటికొచ్చాకే తెలిసింది. తండ్రీ కూతుళ్లు అర్థాలు ఊహించుకుంటూ ఆటలో రెండో ఊరి దాకా వెళ్లారు. అక్కడ ఒక కాపలావాడు ఏదో అంటూ దారికి అడ్డం నిలబడ్డాడు. పెట్రా పెద్దదై హాంబుర్గ్ వెళ్లిపోయింది. కాపలావాడు మాత్రం కదల్లేదు. లాక్‌డౌన్‌లో తోచక ఆయన నేలమాళిగలోంచి ఆ పెట్టె తీసి, వారం రోజులుగా మళ్లీ వాడితోనే కుస్తీ పడుతున్నాడు.

"తాళంచెవి తెస్తేనే వదుల్తాడట. బావి దగ్గర ముసలమ్మను అడగమంటున్నాడు" అని ఛాయాదేవి సగం జర్మన్‌లో, సగం ఇంగ్లిష్‌లో చెప్పింది.

ఒకరింటికి ఒకరు వెళ్లకూడదని ఆంక్షలున్న రోజులు. ఆయన కిటికీ బయట స్టూలు వేశాడు. రోజూ క్లాసయ్యాక ఆమె మాస్కు పెట్టుకుని వచ్చి కూర్చునేది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే క్యాసెట్ లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి స్విచ్ ఆపితే ఆట మొదటికొస్తుంది. అందుకని ఆయన అసలు ఆపడమే మానేశాడు.

బావి దగ్గర ముసలమ్మ ఒకటే మాట చెప్పింది: మురా నో హాషిలో తవ్వు. 'మురా' అంటే ఊరు, 'హాషి' అంటే వంతెన. ఓబర్‌మయర్ మూడు రోజులు వంతెన చుట్టూ అంగుళం వదలకుండా తవ్వాడు. ఏమీ దొరకలేదు. ఇంతలో శుక్రవారం పొద్దున మీటర్ల పనికి కరెంటు ఆపుతామని బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ మెట్ల దగ్గర కాగితం అంటించాడు.

గురువారం వంట చేస్తూ ఛాయాదేవి ఇదంతా రూమ్మేట్ శ్రీవల్లికి చెప్పుకుంది. ఖమ్మం పిల్ల శ్రీవల్లికి ముందు నవ్వొచ్చింది. జర్మనీకొచ్చి జర్మన్ నేర్వక కిటికీ కాడ ఈ జపాన్ ముచ్చట్లేందని ఆటపట్టించింది. తర్వాత అడిగింది.

"హాషి అంటే ఇంకేం అర్థం లేదానే?"

"ఉంది. నూడుల్స్ తినే పుల్లలు."

"పుల్లలతోని తవ్వుతడా ఆ తాత?"

ఛాయాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. మూడో అర్థం కూడా ఉంది. అంచు. పాత ఆటల్లో అన్నీ ఒకే రకం తేలిక అక్షరాలతో రాస్తారు, ఏ హాషియో చూసి చెప్పలేం. స్టవ్ శ్రీవల్లికి వదిలేసి కిందికి పరుగెత్తింది.

ఊరి అంచున, కంచె మూలలో తాళంచెవి దొరికింది. కాపలావాడు ఒక అడుగు పక్కకు వేశాడు. ఓబర్‌మయర్ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఫోన్ అందుకున్నాడు.

"పెట్రా, వాడు జరిగాడు."

ఎవడని పెట్రా అడగలేదు. ఫోన్‌లోంచి ఆమె నవ్వు కిటికీ బయటికి కూడా వినిపించింది.

శుక్రవారం కరెంటు పోయింది, ఆటా పోయింది. ఛాయాదేవే ఎక్కువ బాధపడింది. ఆయన మాత్రం, "పోతే పోయింది, దారి తెలిసిందిగా" అన్నాడు. ఆమె తన సోల్డరింగ్ ఐరన్ తెచ్చి క్యాసెట్ విప్పి కొత్త బ్యాటరీ అతికించింది. ఈసారి కాపలావాడి దాకా ఒక్క మధ్యాహ్నంలో వెళ్లిపోయారు.

జూన్‌లో ఆంక్షలు సడలగానే పెట్రా రైలెక్కి వచ్చింది. ఛాయాదేవి మొదటిసారి ఆ ఇంట్లోకి అడుగుపెట్టి సోఫాలో కూర్చుంది. చివరి యుద్ధం నలభై ఏళ్ల పెట్రానే గెలిచింది. తెర మీద ఆట తయారుచేసినవాళ్ల పేర్లు పాకుతుంటే అవి కూడా చదవమన్నాడు ఓబర్‌మయర్. ఛాయాదేవి ముప్ఫై పేర్లూ ఒక్కొక్కటిగా చదివింది. తండ్రీ కూతుళ్లు కదలకుండా విన్నారు.

ఆ చలికాలంలో ఆమె జర్మన్ పరీక్షకు వెళ్లింది. తీరిక వేళల్లో ఏం చేస్తారని ఎగ్జామినర్ అడిగితే పదినిమిషాలు ఆపకుండా చెప్పింది. కత్తి, డాలు, శాపం, మంత్రగాడు అన్నీ జర్మన్‌లో తడుముకోకుండా వచ్చాయి. రొట్టెల దుకాణంలో ఏమడగాలన్న ప్రశ్న దగ్గర మాత్రం తడబడింది. అయినా పాసయింది.