తడిబట్ట నీళ్ళు

యూనివర్సిటీ కోసం రాసిన వ్యాసాన్ని ఒకసారి చూడమని మా అమ్మాయి ఇచ్చింది. వందేళ్ళ కిందట, చైనాను సైన్యాధిపతులు తలా ఒక ముక్కగా ఏలుతున్న రోజుల్లో, బందిపోట్లు ఒక రైలును ఆపి ప్రయాణికులను కొండల్లోకి పట్టుకుపోయిన సంగతి అది. బందీలైన తెల్లవాళ్ళ గురించి పేర్లతో సహా మూడు పేజీలుంది. చైనావాళ్ళకు దక్కింది ఒక్క మాట: “ఇతరులు.”

“ఇతరులేమిటే? వాళ్ళకు పేర్లుండవా?” అని అరిచాను.

“దట్స్ ఆల్ ద సోర్సెస్ సే, నాన్నా,” అంది.

మేముండే స్కోఫీల్డ్స్‌లో మా పక్కింటి చైనా ఆవిడకు ఎనభై దాటాయి. ఆ సాయంత్రం కంచె దగ్గర ఆ రైలు మాటెత్తి, చివరకు అందరూ విడుదలయ్యారట కదా అన్నాను. ఆవిడ మొక్కలకు నీళ్ళు పోయడం ఆపేసింది. వాళ్ళ తాత తమ్ముడు ఆ రైల్లోనే ఉన్నాడట. పెళ్ళి కాలేదు. తిరిగి రాలేదు. వెతకడానికీ ఎవరూ వెళ్ళలేదు.

మహాలయ అమావాస్యకు పెరట్లో మా నాన్నకు తర్పణం వదిలాను. చివర్లో, నీళ్ళు వదలడానికి ఎవరూ లేనివాళ్ళ కోసం తడిబట్ట పిండాలి. ఆఫీసుకు టైమవుతోందని ఏటా ఆ పని విసుగ్గా ముగించేవాణ్ణి. ఈసారి కంచె దాకా వెళ్ళి నెమ్మదిగా పిండాను.

పేరు చెప్పి పిండుదామని ముందురోజే ఆవిడను అడిగాను. ఇంట్లో ఆయన్ని ఎప్పుడూ “రైలెక్కినవాడు” అనే అనేవారట.