ఆగస్టు పదిహేను కాయితం

నాగలింగం శెట్టి అంగడివాళ్లు ఏటా పంచే దినసరి క్యాలెండరులో రోజుకో చమత్కారం ఉంటుంది. అవన్నీ ఏరి తెచ్చేది ఆయన మరదలు కస్తూరమ్మ. కాయితం అడుగున పడేది మాత్రం ‘సేకరించినవారు: శ్రీ నాగలింగం శెట్టిగారు’ అని. మొగుడు పోయి బావగారి పంచన బతికే మనిషి, ఏమంటుంది? నోరు మూసుకుని వచ్చే ఏటికి మళ్లీ ఏరేది.

తొండియార్‌పేటలో అలాంటి మాటలకు కరువా? వీధి కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే చాలు. అందరిలోకీ చెల్లమ్మ నోరు పదును. ఇళ్లకు నీళ్లు మోసి బతికేది.

"ఈ కొళాయి మంత్రిగారి మాదిరి. వచ్చేస్తున్నా వచ్చేస్తున్నా అని ఒకటే చప్పుడు, వచ్చేది మాత్రం లేదు!"

వరసంతా పగలబడి నవ్వింది. ఇది 1956 ఆగస్టు పదిహేను కాయితానికని కస్తూరమ్మ అప్పుడే అనుకుంది.

ఆ చలికాలమే చెల్లమ్మ క్షయతో ఆసుపత్రి పాలైంది. కస్తూరమ్మ చూడబోయి, ఆ కొళాయి మాట క్యాలెండరులో పడబోతోందని చెప్పింది.

"డాక్టరు బాగా గాలి పీల్చమంటాడమ్మా. ఈ వార్డులో ఆ గాలి ఏడుందో మాత్రం చెప్పడు." నవ్వబోయి దగ్గింది. చాలాసేపు దగ్గింది. "నా మాట కింద నా పేరేస్తారా? ఒక్కసారి చూసి పోతా."

ఆ రోజు కస్తూరమ్మ మొదటిసారి బావగారికి అడ్డం నిలబడింది.

"నీళ్లు మోసేదాని పేరుంటే ఎవడమ్మా గోడకు తగిలిస్తాడు?" అన్నాడు శెట్టి.

"నా పేరు ఎప్పుడన్నా అడిగానా బావగారూ? దాని ఒక్క కాయితం దానికియ్యండి. మీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే పట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని అంగడికి పోయాడు.

క్యాలెండర్లు అచ్చయి వచ్చాయి. ఆ కాయితం చించుకుని కస్తూరమ్మ ఆసుపత్రికి పోయింది.

చెల్లమ్మకు చదువు రాదు. "నా పేరు ఏడుందమ్మా?" అంది.

కస్తూరమ్మ చెల్లమ్మ వేలు పట్టుకుని బావగారి పేరు మీద పెట్టింది.

చెల్లమ్మ ఆ కొస నుంచి ఈ కొసకు తడిమింది. "ఇంత పొడుగా! అయితే ఇన్నాళ్లూ అందరూ నన్ను సగమే పిలిచారు."

ఆ వారంలోనే పోయింది. ఆడిన అబద్ధం కస్తూరమ్మను తిండి తిననివ్వడం లేదు. ఎవరు ఏ చమత్కారం చెప్పినా లేచి వెళ్లిపోతుంది.

ఆగస్టు ఇంకా రాలేదు. ఆ క్యాలెండరు మీ గోడ మీద ఉంటే, ఆ కాయితం తియ్యండి. శెట్టి పేరు కొట్టేసి, అన్నది చెల్లమ్మ, ఏరింది కస్తూరమ్మ అని రాయండి. తీసుకెళ్లి ఆయన గల్లాపెట్టె మీద పెట్టండి. ఒక్కరు పోతే విసుక్కుంటాడు. పేటంతా కదలండి.