దడికి మొదటి గుంజ

మా మనవడి ఇంట్లో చెక్కపని నడుస్తోంది. నిన్న పొద్దున మిషన్ మీద టేకు కోస్తుంటే, ఆ పచ్చి వాసన వసారాలో కూర్చున్న నాదాకా వచ్చింది. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. “పొట్టు పడతలేదా తాతా?” అని వాడు నీళ్లు తెచ్చిచ్చాడు. పొట్టు పడకపోవడమేమిటి, ముప్పొద్దులా దాన్నే పీల్చి బతికినవాణ్ణి. పడనిది వేరే. టేకు వాసన వచ్చినప్పుడల్లా నాకు లచ్చమ్మ గుర్తొస్తుంది, ఆమె ముందు నేనన్న ఒక్క మాటా గుర్తొస్తుంది.

వరంగల్ మట్టెవాడలో అందరూ ఆమెను రంగూన్ లచ్చమ్మ అనేవారు. పరకాల పక్క పల్లె మనిషి. పెళ్లయిన కొత్తలోనే భర్త వెంట రంగూన్ పోయింది. అక్కడొక చీనా సేటు తోటలో ఇద్దరూ ఇరవై ఏళ్లు పనిచేశారు. యుద్ధమొచ్చి బాంబులు పడ్డప్పుడు వేలమందితో పాటు వీళ్లూ కాలినడకన బయల్దేరారు. దారిలో ఒక రేవు దగ్గర, పడవ ఎక్కే తొక్కిసలాటలో, భర్త చేయి జారిపోయింది. ఆమె ఒక్కతే వరంగల్ చేరింది. ఆమె అన్న ఒక పాత ఇల్లు, దాని వెనక కాస్త ఖాళీ జాగా ఇచ్చి, తన బాధ్యత తీరిందనుకున్నాడు. నుదుట ఇంత బొట్టు, చేతినిండా గాజులు. ఎవరడిగినా “ఆయన దారిల ఉన్నడు, వస్తాండు” అనేది. బజారు మాత్రం ఆయన ఎప్పుడో పోయాడని తేల్చేసింది. బజారుకేం, దాని నోట్లో నువ్వుగింజ నానదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో ఉలి, తలకెక్కిన పొగరు. ఆమె నన్ను పిలిపించి పెరట్లో నేలమీద ముగ్గుతో దడి గీసి చూపించింది. గుంజల మధ్య ఏటవాలుగా అల్లిన సన్న చెక్కలు, నడుమ బండి చక్రమంత గుండ్రటి ఖాళీ. దడి అంటే మాకు తుమ్మకంప. నాకు నవ్వాగలేదు.

“గిన్ని సందులుంటే మేక గాదు, బర్రె గూడ దూరుతది గదమ్మా!”

“మేకల కోసం గాదు బిడ్డా. సేటు తోటల దడి గిట్లనే ఉండె. గా గుండ్రం సందుల నుంచే మా ఆయన నన్ను పిలుస్తుండె. ఈ ఇల్లు ఆయన చూడలే. వచ్చినోడు ఎట్ల గుర్తువడతడు చెప్పు? దడి జూస్తే గుర్తువడతడు.”

నా నవ్వు నోట్లోనే ఆరిపోయింది. ఒక్క మేకు కూడా కొట్టొద్దంది. ఒక చెక్కకు నాలుక తీసి, ఇంకో చెక్క బెజ్జంలో దూర్చి బిగించాలంది. వడ్లవాడికి పని నేర్పుతోందే అని ఒళ్లు మండి, నా పద్ధతిలో గట్టిగా బిగించాను. నాలుగు చినుకులు పడేసరికి చెక్క ఉబ్బి టప్పున పగిలింది. ఆమె తిట్టలేదు. “చెక్కకు గూడ ఊపిరాడాలె కొడుకా. గోరంత సందు ఇడువు” అంది. అంత పనితనం మా బాపు కూడా నాకు నేర్పలేదు.

చెక్కలన్నీ సిద్ధమయ్యాక గుంజ నిలబెట్టే రోజొచ్చింది. గుమ్మమైనా గుంజైనా, మొదటిది నిలబెట్టే ముందు ముత్తైదువ దానికి పసుపు రాసి కుంకుమ పెట్టాలని మా పనిలో ఆచారం. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అయిదారుగురు వింత చూడ్డానికి వచ్చారు. లచ్చమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పసుపు గిన్నె పట్టుకుని గుంజ పక్కన నిలబడింది. నేను ఆమెను చూశాను, ఆ ఆడవాళ్ల మొహాలు చూశాను. నా నోరు పడిపోను, అనేశాను.

“అమ్మా, ఎవరన్న ముత్తైదును పిలువుండ్రి.”

“నేనున్న గద బిడ్డా.”

అక్కడైనా ఆగాల్సింది. “గట్ల గాదమ్మా… పని మంచిగ సాగాలె గద” అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పక్కింటావిడ వచ్చి పసుపు రాసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అందరికీ చెప్పేవాణ్ణి, నాకే తెలిసి రాలేదు.

తర్వాత పన్నెండు రోజులు ఆ పెరట్లో మేమిద్దరమే. అంబలి చెంబు అరుగు మీద పెట్టి పోయేది. చెక్క గురించి తప్ప మాట లేదు. దడి లేచింది. దాని లోపల వెదురు నాటింది, గుండ్రాళ్లు పరిచింది, గోలెంలో తామర దుంప వేసింది. సాయంత్రం పూట ఆ గుండ్రటి సందు ముందు పీట వేసుకుని ఒక్కతే కూర్చునేది. తప్పయిందమ్మా అని ఒక్కమాట అంటే నా సొమ్మేం పోయేది? అనలేకపోయాను.

వానలు వెనకబట్టాక దడికి తలుపు బిగించడానికి వెళ్లాను. ఆమె నుదురు బోసిగా ఉంది. చేతులకు గాజులు లేవు. నాలుగు రోజుల కింద రంగూన్ నుంచి నడిచొచ్చిన ఒకాయన ఆచూకీ తీసుకుంటూ వచ్చి కబురు చెప్పాడట. ఆమె భర్త ఇన్నాళ్లూ చిట్టగాంగ్ దవాఖానలో మంచం పట్టి ఉన్నాడట, వరంగల్ ఎటు పోవాలని అందరినీ అడిగేవాడట. పోయిన నెలలో ప్రాణం పోయింది. నేను గుంజ పాతింది అంతకు మూడు నెలల ముందు.

నేనే ఇంట్లోకి వెళ్లి పసుపు గిన్నె వెతికి తెచ్చాను. ఆమె ముందు పెట్టాను.

“అమ్మా, తలుపుకు నువ్వే పెట్టాలె.”

ఆమె గిన్నెను పక్కకు జరిపింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది.

“గా నాడు నేను ముత్తైదునే కొడుకా. గా నాడు నువ్వద్దంటివి. ఇయ్యాల నువ్వు పెట్టుమన్నా నా చెయ్యి లేస్తలేదు. పోయి నీ పెండ్లాన్ని తోల్కరా. సల్లగ బతకాలె అది.”

నా భార్యను తీసుకొచ్చాను. ఆమె పసుపు రాస్తుంటే లచ్చమ్మ వెదురు వెనక నిలబడి, ఎలా రాయాలో చెప్పింది.

ఆ తర్వాత నలభై ఏళ్లలో నర్సంపేట నుంచి హన్మకొండ దాకా ఎన్ని గుమ్మాలు నిలబెట్టానో లెక్కలేదు. ముత్తైదువను పిలవండి అని మళ్లీ ఎక్కడా అనలేదు. ఈ ఇంటి ఆడమనిషి ఎవరని అడిగేవాణ్ణి. బొట్టు లేదని తలుపు చాటుకు నక్కినా, ఆమెనే పిలిచి గిన్నె చేతికిచ్చేవాణ్ణి. కొందరు నన్ను తిట్టి పంపేశారు. కొందరు ముసలమ్మలు పసుపు చేతులతోనే ఏడ్చారు, నీకు పుణ్యముంటదని దీవించారు. ఆ దీవెన విన్నప్పుడల్లా తల వంచుకునేవాణ్ణి. భర్త బతికి ఉన్న ఇల్లాలిని అందరి ముందు విధవను చేసింది ఈ నోరేనని వాళ్లకు తెలియదు.