కాలిన ట్రాన్సిస్టర్ కింద

నా వృత్తి నడిచేదే అనుమానం మీద. పెద్ద మోటార్లు నడిపే ఇన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్లు జంటలుగా ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. క్షణానికి వేలసార్లు ఒకటి ఆన్ అవుతుంటే రెండోది ఆఫ్ అవుతుండాలి. రెండూ ఒకేసారి ఆన్ అయ్యాయా, ఢామ్మని పేలతాయి. అందుకే పైది ఆఫ్ అయిందన్నా నమ్మను, రవ్వంత ఆగి కిందిదాన్ని ఆన్ చేస్తాను. ఆ ఆగడాన్ని డెడ్ టైమ్ అంటాం. ఇంట్లో గ్యాస్ కట్టేశావా అని మళ్లీ మళ్లీ అడిగేదీ ఈ అలవాటుతోనే. మా ఆవిడ దీనికి వేరే పేరు పెట్టింది.

నాచారంలో షెడ్డు నాదీ, నా భాగస్వామిదీ. డిజైన్ నాది. సామాను కొనడం, బిగించడం అతని పని. మొదటి ఇన్వర్టర్ మాత్రం ముచ్చటపడి నేనే బిగించాను. రోజంతా చల్లగా నడిచింది. తర్వాత అతను బిగించినవి ఫుల్ లోడ్ ఇస్తే చాలు, కాసేపటికే కాలిపోయేవి. మల్లాపూర్‌లో పైపుల ఫ్యాక్టరీవాళ్లు, ఈసారి కాలితే మళ్లీ రావద్దన్నారు. ఆ ఆర్డర్ పోతే మా షెడ్డుకు తాళమే.

పాత ట్రాన్సిస్టర్ల మీద కొత్త నంబరు వేసి అమ్మేవాళ్లు బజారులో కొల్లలు. ఇతనూ అవే తెస్తున్నాడా? ఫోన్ వస్తే బయటికెళ్లి మాట్లాడతాడు. ట్రాన్సిస్టర్లు బిగించేటప్పుడు షట్టర్ సగం దించి, నన్ను టీ తాగి రమ్మంటాడు. ఎందుకు? టీ కొట్టు దగ్గర నిలబడి షట్టర్ కిందినుంచి అతని కాళ్లనే చూసేవాణ్ణి. చెప్పులు విప్పి ఉండేవి. అదీ అనుమానమే.

అనుమానం పెనుభూతమంటారు, నాకు పట్టింది అదే. నమ్మకమైన డీలరు దగ్గర నేనే కొన్నాను. అంచు మీద సన్నటి గీత గీసి, ఏమీ ఎరగనట్టు అతని చేతిలో పెట్టాను. మారిస్తే దొరికిపోతాడు.

అదీ కాలింది. అతను చూస్తుండగానే విప్పాను. గీత ఉంది. మార్చలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది, కానీ మరెందుకు కాలినట్టు? కింద, వేడి లాగేసే అల్యూమినియం దిమ్మ మీద, వేడి దిగేందుకు పూసే తెల్లటి పేస్టు మధ్యలో ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకాను. పసుపు, దాని మీద కుంకుమ.

"బొట్టు పెట్టిన అన్నా. నువ్వు నవ్వుతవని షట్టర్ దించిన," అన్నాడు.

ఆ బొట్టు ఎత్తుకు ట్రాన్సిస్టర్ సమంగా కూర్చోవడం లేదు, వేడి దిగడం లేదు. ఆ మాట చెప్పాను. బొట్టు పెట్టె మూత మీద పెట్టుకోకూడదా, లోపల దీనికిందే ఎందుకు అని అడిగాను. అతను తల వంచుకున్నాడు.

"నీ డిజైన్ మీద నాకు జర అనుమానముండె అన్నా. గందుకే దేవునికి అప్పజెప్పిన."

నాకు కోపమే రావాలి. రాలేదు. చేతిలోని ట్రాన్సిస్టర్ మీద నేను గీసిన గీతను బొటనవేలితో మూసేశాను. అప్పటికే అతను చూసేశాడేమోనని ఇప్పటికీ నా అనుమానం.