నాకు తగిలిన పట్టుచీర

మగవాడి పరువు పోవడానికి ఒక్క పట్టుచీర చాలు. నాది మంగళగిరిలో పదిమంది ముందు ఎలా పోయిందో చెబుతాను.

విజయవాడ పటమటలో ఒక గదీ, ఒక లాప్‌టాపూ, కొండంత ధీమా ఉన్న రోజులవి. మంగళగిరిలో చేనేత చీరల కొట్టు నడిపే రాజ్యలక్ష్మి గారే నా వెబ్‌పేజీల వ్యాపారానికి మొదటి పార్టీ. కొట్టు వార్షికోత్సవానికి ఫోనులో తెరిచే స్క్రాచ్ కార్డు పేజీ చేశాను. వెండిపూతను వేలితో గీకితే కింద ఫలితం. వచ్చినవాళ్లలో ఒక్కరికే పట్టుచీర. నా లాప్‌టాప్‌లో చూశాను, నా ఫోనులో చూశాను, వెన్నలా గీకింది. లోకమంతా నా ఫోనే వాడుతుందని నా నమ్మకం.

ఆ ఉదయం కొట్టు కిటకిటలాడింది. ఉయ్యూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన భ్రమరాంబ గారు మొదట గీకారు. వేలితో పాటు పేజీయే పైకి పోయింది.

"ఇదేంటి బాబూ, గీకుతుంటే పారిపోతోంది?"

"మెల్లగా గీకండి."

"మెల్లగా గీకితే మెల్లగా పోతోంది."

ఆవిడ కోడలి ఫోనులో అసలు పూతే లేదు. 'ఈసారికి లేదండి' అని పేజీ ముందే చెప్పేసింది. ఇంకొకాయన ఫోనులో కార్డు తపాలా బిళ్లంత. బల్ల మీద పది ఫోన్లు, పది వింతలు. నేను రాసింది ఒక్క పేజీ. కన్నపిల్ల పది ఇళ్లలో పది వేషాలు వేస్తుంటే చూసిన తండ్రిలా, భయపడటం కూడా మరిచి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

రాజ్యలక్ష్మి గారి ముఖం వాడిపోయింది. "ఇంత దూరం పిలిచి ఉత్తచేతుల్తో పంపితే, మళ్లీ నా గుమ్మం ఎక్కుతారా?"

"పేజీ బ్రహ్మాండంగా ఉందండీ. తేడా ఈ ఫోన్లలోనే. చూడండి" అని నా ఫోను తీసి అందరి ముందూ గీకాను.

'అభినందనలు. పట్టుచీర మీదే.'

పది తలలూ నా ఫోను మీదికి వంగాయి.

"జాకెట్టు ముక్క కూడా ఇస్తారా నాయనా?" అన్నారు భ్రమరాంబ గారు.

రాజ్యలక్ష్మి గారు ఆ చీర తీసి ట్యూబులైటు కింద విప్పారు. ముదురు నీలం. నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్లి దాన్ని ఎండలో పట్టారు. అదే చీర, నెమలికంఠం రంగులో మెరిసిపోయింది.

"ఏ చీరనైనా ఇలా ఎండలో చూపించాకే అమ్ముతాం. నీ పేజీని ఏ ఎండలో చూశావు బాబూ?"

తర్వాత ఆవిడే బిల్లు పుస్తకం చింపి, పేర్లు రాసి, స్టీలు గిన్నెలో వేసి చీటీ తీయించారు. గిన్నె ఎవరి చేతిలోనూ మొరాయించలేదు. చీర భ్రమరాంబ గారికి వెళ్లింది.

సకల ఫోన్ల సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను: పక్కింటాయన ఫోనులో, ఆయన అత్తగారి ఫోనులో, అద్దం పగిలిన ఫోనులో గీకి చూడనిదే ఏ పేజీనీ గుమ్మం దాటించను. నా ఫోను మాటంటారా, దాన్ని ఈ జన్మలో నమ్మను. అది నాకే చీర పెడుతుంది.