ఎస్తర్ మిస్ కడుపుమంట

నిన్న మధ్యాహ్నం మా కిరాణా అంగట్లో ఒకావిడ, నేను కందిపప్పు తూచేలోపు ఫోను తీసి వీడియో పెట్టుకుంది. ఆ చప్పుడుకి నా చేయి తక్కెడ మీదే ఆగిపోయింది. రేకుల మీద రాగులు గుమ్మరించినట్టు గరగరమంటూ మొదలై, చిన్న స్పీకరు తట్టుకోలేనంతగా పెరిగే చప్పుడు. చూడకుండానే పోల్చుకున్నాను. ఈ వేసవి మొదట్లో నలుగురు మనుషులతో చంద్రుడి వైపు లేచిన రాకెట్టు అది. "వాళ్ళు పోయి తిరిగొచ్చి ఎన్నో దినాలాయె, ఇంగా చూస్తా ఉండావామ్మా?" అన్నాను. "ఎన్నిసార్లు చూసినా ఆశ తీరదక్కా" అంది. పప్పు కట్టిచ్చి పంపాక నాకు ఎస్తర్ మిస్ గుర్తొచ్చారు. ఆవిడైతే ఆశ అనేవారు కాదు. కడుపు మండతా ఉండాది అనేవారు.

మిస్ మాకు బళ్ళో సైన్సు చెప్పేవారు. పుట్టి పెరిగింది ఛాంపియన్ రీఫ్స్ లైన్లలో, అంటే బంగారు గనిలో పనిచేసేవాళ్ళకు కట్టించిన వరస ఇళ్ళలో. వాళ్ళ నాన్న, అన్నలిద్దరూ రోజూ గనిలోకి దిగి రాయి కొట్టినవాళ్ళు. మిస్ మాత్రం ఒక్కసారి కూడా దిగలేదు. ఆడవాళ్ళు భూమి లోపలికి దిగకూడదని చట్టం. దానికి తోడు, ఆడది దిగితే లోపల కీడు జరుగుతుందని పాతవాళ్ళ భయం. మిస్‌కి ఆ చట్టం మీదా, ఆ భయం మీదా, అన్నల మీదా ఒకేలాంటి ఉక్రోషం ఉండేది. అసూయని దాచుకోవడం ఆవిడకి చేతకాదు. పక్క సెక్షనుకి కొత్త భూతద్దాలు వచ్చాయని తెలిసిన రోజు పాఠం మధ్యలోనే ఆపి, "నాకు కుళ్ళుగా ఉండాది పిల్లలూ, రెండు నిమిషాలు గమ్మునుండండి" అని కిటికీ దగ్గర నిలబడ్డారు. అప్పటిదాకా అసూయ అంటే చెడ్డ పిల్లలకు వచ్చేదనుకున్నాను. చీర నలగకుండా కట్టుకునే టీచరుకి కూడా వస్తుందని తెలిసి నాకు భలే నిమ్మళంగా అనిపించింది.

ఎందుకంటే నా కడుపులో అప్పటికే ఒక మంట ఉంది. దాని పేరు వసంత. నా పక్క బెంచీలో కూర్చునేది. లెక్కలూ, సైన్సూ, చక్కటి చేతిరాతా, మోకాళ్ళ దాకా జడలూ, అన్నీ దానికే. చంద్రుడు ఎందుకు పెరిగి తరుగుతాడో చూపించడానికి మిస్ ఒకసారి క్లాసు తలుపులు మూయించారు. బంతి పట్టుకుని తిరిగే పని వసంతకిచ్చారు. టార్చి పట్టుకునే పని ఇంకొకరికి. నాకు, వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి అడ్డం పట్టుకునే పని. దుప్పటి వెనక నిలబడితే చంద్రుడూ లేడు, సూర్యుడూ లేడు. మిస్ గొంతు మాత్రం వినబడుతోంది: "భేష్ వసంతమ్మా, ఇంగ స్వల్ప తిరుగు." ఆ "వసంతమ్మా" అన్న పిలుపు నాకు గుచ్చుకుంది. నన్ను అలా పద్మమ్మా అని ఒక్కసారీ పిలవలేదు.

ఆ ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గితే నా తలనీలాలు ఇస్తానని అమ్మ తిరుపతి కొండకి మొక్కుకుంది. తగ్గింది, ఇచ్చింది. నున్నటి గుండుతో, దాని మీద చందనంతో బడికి వెళ్ళాను. ఆ వారమే మమ్మల్ని గని చూపించడానికి తీసుకెళ్ళారు. మట్టిలో మంచి గౌను పాడవుతుందని అమ్మ నాకు అన్న చొక్కా, నిక్కరు తొడిగి పంపింది. మగపిల్లలు కిందికి దిగి చూసి రావాలి, ఆడపిల్లలు పైనే ఉండి తీగతాడు చుట్టే పెద్ద చక్రాన్ని చూడాలి. అదీ ఏర్పాటు. గని మేస్త్రీ ఒకాయన మమ్మల్ని విడదీశాడు. "బాయ్స్ ఇట్ల రండప్పా. గర్ల్స్ ఆడనే నిలబడండమ్మా." నేను వసంత పక్కన నిలబడ్డాను. ఆయన నా భుజం పట్టుకుని, "ఏం రాజా, ఆడపిల్లకాయల్లో నీకేం పని? బేగ రా" అని లాక్కుపోయి ఇనుప టోపీ పెట్టాడు.

నేను నోరు తెరిచాను. మిస్ నా వైపే చూస్తున్నారు. ఆవిడ ఒక్క మాట అంటే నన్ను వెనక్కి పంపేసేవాళ్ళు. ఆవిడ అనలేదు. ముఖం పక్కకి తిప్పుకుని ఆడపిల్లలకి ఆ చక్రం ఎలా తిరుగుతుందో చెప్పడం మొదలుపెట్టారు. మనుషుల్ని దింపే ఇనుప బోనుని అక్కడ కేజ్ అంటారు. దాని జాలీ తలుపు పడింది, గంట మోగింది, కాళ్ళ కింద నేల జారిపోయింది. ఎంత లోతుకి వెళ్ళామో నాకు తెలియదు. చూడడానికి వచ్చినవాళ్ళని మరీ అడుగుకి తీసుకెళ్ళరని తరవాత విన్నాను. నాకైతే భూమి అయిపోతుందనిపించింది.

మర్నాటి నుంచి నాకు శిక్ష మొదలైంది. శిక్ష అనే అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ ఆడుకుంటుంటే మిస్ నన్ను బడి మెట్ల మీద కూర్చోబెట్టుకునేవారు.

"ఏమే గుండూ, కింద ఏం చూసినావు? కతలొద్దు. చూసింది చెప్పు."

"చీకటి మిస్."

"మీ ఇంట్లో కరెంటు పొయ్యినబ్బుడు ఉంటాదే, ఆ చీకటా?"

"కాదు మిస్. కండ్లు తెరిసినా మూసినా ఒకటే."

"ఇంగ?"

"రాయి వెచ్చగా ఉండె. అన్నం గిన్నె దించినాక కొంచేపటికి ఉంటాదే, అట్ల."

"ఇంగ?"

బాగా భయమేసింది మిస్ అంటే ఒప్పుకునేవారు కాదు. భయం ఎక్కడ వేసింది, చేతిలోనా కడుపులోనా అని అడిగేవారు. నేను కాస్త కల్పించి చెప్పినా ఇట్టే పట్టేసేవారు. ఇలా చాలాకాలం సాగింది. నాకు జుట్టు పెరిగి జడ వచ్చినా, ఆవిడ నోట గుండు అన్న పేరు పోలేదు. అటు వసంతకి ప్రయోగాల గది తాళం, ఇటు నాకు మెట్ల మీద విచారణ. ఎంత ఏడ్చుకున్నానో చెప్పలేను. ఈ రోజు నాలుగు వాక్యాలు తిన్నగా రాయగలుగుతున్నానంటే అది ఆ మెట్ల మీద వచ్చిందే. అప్పుడు మాత్రం దానికి బదులు తాళం ఇచ్చి ఉంటే బాగుండేదనుకున్నాను.

తరవాత వసంత బెంగళూరు వెళ్ళి ఇంజినీరై, ఉపగ్రహాలు తయారుచేసే చోట చేరింది. దాని ఫోటో మిస్ ఇంటి గోడకెక్కింది. నేను పెళ్ళి చేసుకుని, ఊళ్ళోనే మావాళ్ళ అంగట్లో కూర్చున్నాను. గనులు మూతబడ్డాయి. మిస్ రిటైరై ఆ లైను ఇంట్లోనే ఒంటరిగా ఉండిపోయారు. నడవలేని స్థితి వచ్చాక రోజూ సంగటీ పులుసూ పట్టుకెళ్ళింది నేను. నేను పెట్టిన సంగటి తింటూ ఆవిడ చూసేది మాత్రం గోడ మీది ఫోటోని. నాకు యాభై ఏళ్ళు వచ్చాయి కదా, ఇంక ఇవన్నీ పట్టవనుకుంటారేమో. పడతాయి.

రాకెట్టు లేచిన తెల్లవారుజామున నేను మిస్ మంచం పక్కనే ఉన్నాను. ఫోను ఆవిడ పొట్ట మీద నిలబెట్టి ఇద్దరం చూశాం. ఆ నలుగురిలో ఒక ఆడమనిషి ఉందని తెలిసిన దగ్గర నుంచి మిస్ గుర్రుగానే ఉన్నారు. నిప్పు కక్కుతూ అది లేచి, సన్నటి చుక్కై కనబడకుండా పోయేదాకా రెప్ప వేయలేదు. "పొయ్యింది చూడే మహాతల్లి. నవ్వతా పొయ్యింది" అన్నారు పళ్ళు బిగించి. ఆ వెంటనే వసంత వీడియో కాల్ చేసింది. అప్పటి నుంచి రోజూ చేసేది. ఎంత వేగం, ఎంత దూరం, ఎప్పుడు ఎటు తిరుగుతారు, అన్నీ వివరించేది. మిస్ ముఖం విచ్చుకునేది. ఫోను పట్టుకునే పని నాది. మళ్ళీ దుప్పటి పట్టుకున్నట్టే ఉండేది నాకు.

వాళ్ళు చంద్రుడి వెనక్కి వెళ్ళే తెల్లవారుజామున కూడా వసంత ఫోను చేసింది. "ఇంగ కొంచేపు సిగ్నల్ రాదు మిస్. ఆ పక్క ఉన్నంతసేపు ఎవరూ వాళ్ళతో మాట్లాడేదానికి కుదరదు."

"లోపలుండేవాళ్ళకి ఎట్లుంటాది వసంతమ్మా?"

"అన్నీ నార్మలే మిస్. మిషన్లన్నీ పనిచేస్తానే ఉంటాయి."

"అది కాదమ్మా నేను అడిగేది."

"నాకెట్ల తెలుస్తాది మిస్, నేను పొయ్యిండానా ఏమన్నా?" అని నవ్వి, వాళ్ళు ఇవతలికి వచ్చాక మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

మిస్ నా మణికట్టు పట్టుకున్నారు. "గుండూ, నువ్వు చెప్పు. పైన వెలుతురు పొయినాక ఎట్లుండె?"

చెప్పాను. జాలీలోంచి పైన తెల్లటి చదరం చిన్నదవుతూ పోవడం, చెవులు మూసుకోవడం, పక్కవాడి ఊపిరి మెడకి తగలడం. అన్నీ ఆవిడకి తెలిసినవే. తప్పితే సరిదిద్దేటంత బాగా తెలుసు.

"నా అన్నలు బతుకంతా దిగినారు. అడిగితే, ఏముండాదే ఆడ, రాయి అనేటోళ్ళు. నువ్వు చెప్పినావు" అన్నారు. నా మణికట్టు వదలకుండానే మళ్ళీ అన్నారు: "ఆ పొద్దు నిన్ను కిందికి పంపొద్దని చెప్పాల్సింది నేనే. ఒక ఆడబిడ్డన్నా పోనీ అని నోరు మూసుకున్నా. కేజ్ పొయినాక కడుపు మండింది చూడు. ఇబ్బుటికీ మండతా ఉండాది."

"ఎవరి మింద మిస్?"

"నీ మిందనే. ఇంగెవరి మింద?"

"నేను వసంత అనుకుంటి."

"దాన్ని చూసి కుళ్ళేదానికి ఏముండాది? దానికి చెప్పిచ్చిందే నేను. నీకు తెలిసిందే నాకు తెలీదు."

ఫోను మోగింది. వసంత. వాళ్ళు ఇవతలికి వచ్చేశారని చెప్పడానికి. ఎత్తేముందు కాసేపు మోగనిచ్చాను.

ఆ నలుగురూ సముద్రంలో క్షేమంగా దిగడం చూశాకే మిస్ పోయారు. మామిడిపళ్ళు అంగళ్ళకి రావడం మొదలైన రోజులవి. వసంత కారులో వచ్చి, సమాధి దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఆఖర్న మిస్ ఏమన్నా చెప్పెనా పద్మా?" అని అడిగింది. "నీ మాటే చెప్తా ఉండె" అన్నాను. అది అబద్ధం కాదు. ఎంతో ప్రేమగా చెప్పేవారు. మిగతాది చెప్పలేదు, చెప్పను కూడా. ఆవిడ ప్రేమ వసంతది, పాఠాలు మా అందరివీ. కానీ లోకంలో నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి ఆవిడ ఒక్కరే, అదీ నలభై ఏళ్ళు ఆపకుండా. మీకు వసంత తెలియదు కాబట్టి చెప్పాను.