సాక్ష్యం వేళ ఒక గ్లాసు నీళ్లు

మీ ఇంట్లో ఒక మనిషి నాలుగు రోజులు కన్ను మూయకుండా దేవుణ్ణి స్తుతిస్తూ ఉంటే మీరేమంటారు? పరిశుద్ధాత్మ దిగిందంటారా? నేను అన్నాను. అలా అనిపించుకున్న మా బావగారు మొన్న మంగళవారం గుండె ఆగి పోయారని పీసీవో నుంచి అక్క ఫోను చేసింది. ఆ పాత జబ్బుతో కాదు. దానితో ఆయన ఏడేళ్లు కాపురం చేశారు.

ఢిల్లీ కంటోన్మెంటులో ఆయన మిలిటరీ క్లర్కు. వాళ్ల క్వార్టరులోనే మన తెలుగు ప్రార్థన కూటం, బోధ నాది. ఒక చలికాలం ఆయన నిద్ర మానేసి, గోడల నిండా వాక్యాలు రాసి, దారిన పోయే జవాన్లను ఆపి ప్రార్థన చేయించారు. ఇదీ అభిషేకమంటే అని నేను పొంగిపోయాను. హోలీ నాటికి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకుని స్నానం కూడా మానేశారు. ఏదో పాపం దాచావు, ఒప్పుకో అన్నాను. రెండుసార్లూ గ్రంథం నా చేతిలోనే ఉంది.

చివరికి అక్క ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు అడిగిందల్లా, ఈ దిగులుకు ముందు ఎలా ఉండేవారని. అక్క ఆ చలికాలం సంగతి గొప్పగా చెప్పుకుంది. అప్పుడు దొరికింది జబ్బు. ఆ పొంగూ ఈ కుంగూ ఒకే జబ్బుకు రెండు కొసలట, బైపోలార్ అన్నారు. లిథియం మాత్రలిచ్చి, నీళ్లు బాగా తాగాలి, రక్తపరీక్ష తప్పకూడదు అన్నారు.

నాకది అవిశ్వాసంలా తోచింది. మే నెల ఎండల్లో నీళ్లు కూడా ముట్టకుండా మూడు రోజుల ఉపవాసం పెట్టించాను. మాత్రలు మాత్రం అక్క వేస్తూనే ఉంది. రెండో రోజుకే చేతులు వణుకు, వాంతులు, మాట ముద్దముద్ద. దయ్యం వదులుతోంది అన్నాను.

"దేవుడికి మంచినీళ్లంటే కోపమట్రా?" అని అక్క నన్ను పక్కకు తోసి, ఆయన్ని ఆటోలో వేసుకుపోయింది. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందే విషమవుతుందని అక్కడ డాక్టరు చెప్పారు.

ఇంటికొచ్చాక బావగారు నన్ను ఒక్క మాటా అనలేదు. కాదు, ఒకటి అన్నారు. "ఏవయ్యా బావమరిదీ, పరలోకం గేటు దాకా పంపావు. పాసు లేదని సంత్రీ వెనక్కి తోలేశాడు."

బైబిల్లో, ఎడారిలో చావు కోరుకున్న ప్రవక్తకు దేవదూత బోధ చెయ్యలేదు. తిండీ నీళ్లూ ఇచ్చి పడుకోనిచ్చాడు. ఆ అధ్యాయం ఎన్నోసార్లు బోధించాను. నాకు అర్థమైంది మాత్రం ఆ వారమే.

అప్పటినుంచి ప్రతి ఆదివారం, దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకునే సాక్ష్యం వేళ, ఆయన లేచి, అందరి ముందూ మాత్ర వేసుకుని, స్టీలు గ్లాసెడు నీళ్లు తాగి కూర్చునేవారు. అంతే సాక్ష్యం. మొదట్లో కొందరు నవ్వారు. రెండో ఏడు ఒక సుబేదారుగారి భార్య తన మాత్ర పట్టుకుని లేచింది. మధ్యలో ఒకసారి నిద్ర తగ్గితే, "పద, మళ్లీ పొంగుతున్నాను" అని తానే అక్కను ఆసుపత్రికి బయల్దేరదీశారు.

ఆ గ్లాసు ఇప్పుడు కిటికీలో బోర్లించి ఉంది. అక్క ఎవర్నీ తియ్యనివ్వడం లేదు.

నా పాత బోధ విని మాత్రలు మానినవాళ్లు మీలో ఉన్నారు. నేను తప్పు చెప్పాను. ఆదివారం దాకా ఆగొద్దు, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి. తోడు కావాలంటే పిలవండి. చెప్పులు వేసుకునే ఉన్నాను.